చెల్లెలింటి ఎర్ర సీడియా

రాబర్ట్‌సన్‌పేట, కె.జి.ఎఫ్.
9 జూన్ 2024

చెల్లెలు నేత్రావతికి,

నా చెవులు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. నిన్న నువ్వు ఫోన్ చేశావని మీ వదిన చెప్పింది. ఫోన్ చెవికి పెట్టుకుంటే డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఉంటుంది తప్ప మాట తెలియదు. వాట్సాప్‌లో అయితే నువ్వు రెండు ముక్కలు కొట్టి, చేతులు జోడించిన బొమ్మ పెట్టి పారిపోతావు. అందుకని కాగితం పట్టాను. నాన్న మనిద్దరినీ పలక ముందు కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్ళూ ఊరికే పడి ఉన్నాయి. నువ్వూ కాగితం మీదే రాయి.

ఇప్పుడు కారు సంగతి. పదిహేడేళ్ళలో ఈ సీడియాను నేను తప్ప వేరొకరు తోలలేదు. తల తిరిగే జబ్బు ఉన్నవాడు స్టీరింగ్ పట్టకూడదని డాక్టర్ తేల్చేశాక అమ్మడానికి మనసొప్పలేదు. మీ వ్యాను మూలపడి రెండేళ్ళయింది, నీకు లైసెన్సు ఉంది, బైరకూరులో షెడ్డు పెద్దది. అందుకే నీకిచ్చాను. నాలుగు తలుపులు, పెద్ద డిక్కీ చూసి మామూలు కారు అనుకోకు. రెండు లీటర్ల ఇంజన్. చూడ్డానికి సంసారి, కాలు ఆనిస్తే గుర్రం.

ప్రతి ఆదివారం పొద్దున స్టార్ట్ చేసి పావుగంట అలాగే ఉంచు. తర్వాత ఊరి చుట్టూ ఒకసారి తిప్పు, రెండో గేరు దాటకుండా. ఇంజన్ తిరుగుడు చూపించే ముల్లు మూడువేలు దాటకూడదు. బండి కిందికి ఉంటుంది కాబట్టి స్పీడ్ బ్రేకర్ మీద వాలుగా ఎక్కించాలి. షెడ్డులోకి కోళ్ళను రానివ్వొద్దు. వారం వారం ఎలా ఉందో నాకు రాయి. మీ ఆయన గిరీశ్‌ని అడిగానని చెప్పు.

మీ అన్న,
మునిశంకర్


బైరకూరు
20 జూన్ 2024

అన్నా,

నీ ఉత్తరం మా అత్తకు చదివి వినిపించాను. కోళ్ళ ముక్క దగ్గర ఆపి, "కారుకు ఒక ఇల్లు, కోళ్ళకు ఒక ఇల్లు, నాకు యాడుండాది?" అని అడిగింది. మా అత్త సొన్నమ్మ సంగతి నీకు తెలిసిందే.

మొన్న ఆదివారం చెప్పినట్టే చేశాను. పావుగంట నిలబడి చూశాను. పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా అది నన్ను చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నాను. ఊరు చుట్టి వచ్చేసరికి అరుగుల మీది జనమంతా లేచి నిలబడ్డారు. పక్కింటి పిల్లమ్మ వచ్చి సీటు మీద చెయ్యి పెట్టి, తన ఇంటి సోఫా కంటే మెత్తగా ఉందని చెప్పి వెళ్ళింది. దానికి సోఫా లేదు, మాకూ లేదు.

ఎక్కువ రాయడానికి తీరిక లేదు. రెండో జ్వరం నిన్నటితో అయింది, మూడోది వస్తోంది. ఇల్లంతా అదే పని. ఆయన రెండు రోజులుగా పడుకోలేదు. మిగతా అంతా మామూలే. నీ తల ఎలా ఉంది? వదిన నిన్ను ఒంటరిగా బజారుకు పంపడం లేదు కదా?

చెల్లెలు,
నేత్ర


రాబర్ట్‌సన్‌పేట
27 జూన్ 2024

నేత్రా,

కారు సంగతి తర్వాత. జ్వరం ఎవరికి? రెండుసార్లు వచ్చి మూడోసారి వస్తుంటే ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నారు? గిరీశ్‌కా, మీ అత్తకా? ముళబాగిలు తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించండి. కావాలంటే కారులోనే తీసుకెళ్ళు. అవసరానికి తప్పు లేదు. మూడో గేరు వేసుకోవచ్చు.

ఇంజన్ వేడెక్కక ముందు కాలు అదమకు. క్లచ్ మీద ఊరికే పాదం ఆనించి పెట్టుకునే అలవాటు నీకు వ్యానులో ఉండేది. మానెయ్యి.

నా తల ఫరవాలేదు. బజారుకు మీ వదిన చెయ్యి పట్టుకునే వెళ్తున్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో వీధిలో చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు. చూసినవాళ్ళు నవ్వుతున్నారు. మీ వదినకు అది బాగానే ఉన్నట్టుంది.

జ్వరం సంగతి వెంటనే రాయి.

అన్న


బైరకూరు
2 ఆగస్టు 2024

అన్నా,

ఆలస్యానికి కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరం చదివి ఆయన నవ్వీ నవ్వీ మల్బరీ మోపు కింద పడేశాడు. జ్వరం మనుషులకు కాదన్నా, పట్టుపురుగులకు. పురుగు కుబుసం విడిచే ముందు ఆకు మాని కదలకుండా పడుకుంటుంది. ఇక్కడ దాన్నే జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే గూడు కడుతుంది. మేము రాగి తగ్గించి పట్టు పెట్టింది మొన్న మొన్ననే కాబట్టి నీకు తెలియకపోవడం నీ తప్పు కాదు. మా అత్త మాత్రం, "మీ అన్న పురుగులకు కూడా రక్తపరీక్ష చేపిస్తాడా?" అని ఊరంతా చెప్పింది.

కారు బాగుంది. రెండు విషయాలు అడగాలి. వెనక సీటు మీదా, ఏసీ గాలి వచ్చే సందుల్లోనూ తెల్లటి నూగు అంటుకుంటోంది. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా అతుక్కుంటోంది. ఎలా తీయాలి? ఇంకొకటి, ఊరికే అడుగుతున్నాను. హైవే మీద లారీని దాటాలంటే ఐదో గేరులోనే లాగాలా, నాలుగుకు దించాలా? ఐదులో కాస్త బద్ధకంగా కదులుతుందని ఎవరో అన్నారు.

ఈ ఏడు మామిడి ఆఖరి కాయలు పంపుతున్నాను. బేతమంగళ బస్సు కండక్టర్ మనవాడే, స్టాండులో అందుకో.

నేత్ర


రాబర్ట్‌సన్‌పేట
10 ఆగస్టు 2024

నేత్రా,

కాయలు అందాయి. రెండు నలిగాయి, మిగతావి తేనె.

తెల్ల నూగు అంటే బూజు. నాకు నిద్ర పట్టడం లేదు. షెడ్డులో చెమ్మ ఉందన్నమాట. పట్టుపురుగుల గదికి మీరు నీళ్ళు చల్లుతారు కదా, ఆ చల్లదనం బండికి తగులుతోంది. వెంటనే బయట ఎండలో పెట్టి నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచి ఉంచు. మూడు రోజులు అలా చెయ్యి.

రెండో ప్రశ్న చదివాక నాకు సంగతి అర్థమైంది. "ఎవరో అన్నారు" అని రాశావు. ఆ ఎవరో ఎవరో నాకు తెలుసు. నీకు భర్తను వెనకేసుకురావడం కొత్త కాదు. దీనితో ఒక చీటీ పెడుతున్నాను, గిరీశ్‌కి ఇవ్వు. నువ్వు చదవొద్దు.

మీ అన్న

(చీటీ)

గిరీశ్, ఈ బండి వేగం కోసమే పుట్టింది. నువ్వు అందుకు పుట్టలేదు. నా చెల్లెలికి ఇచ్చిన తాళం నీ జేబులో ఎందుకుంది? హైవే మీద లారీలను దాటాలని సరదాగా ఉంటే బస్సెక్కు, డ్రైవరు దాటిస్తాడు. కోపంతో రాయడం లేదు. మునిశంకర్.


బైరకూరు
24 ఆగస్టు 2024

అన్నా,

మూడు రోజులు ఎండలో తలుపులు తెరిచి పెట్టాను. నూగు పోయింది. నిజం చెబుతున్నాను, మూడో రోజు వెనక సీటు మీద కోడి గుడ్డు పెట్టింది. తుడిచేశాను, మరక లేదు. మా అత్త ఆ గుడ్డును కారుగుడ్డు అని వేరుగా దాచి, పొదిగించాలని చూస్తోంది.

నీ చీటీ ఆయనకు ఇచ్చాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన గురించి నువ్వు అనుకున్నది సరి కాదు. ఇంతకంటే ఇప్పుడు రాయలేను. నీళ్ళ మోటారు కాలిపోయింది, ఆ పనిలో ఉన్నాం.

మీ ఆరోగ్యాలు జాగ్రత్త.

నేత్ర


(పోస్టు కార్డు)

రాబర్ట్‌సన్‌పేట
14 సెప్టెంబర్ 2024

నేత్రా,

మన కారు చూసే మెకానిక్ నందీశ్ మొన్న పని మీద కోలార్ వెళ్ళాడు. పట్టుగూళ్ళ మార్కెట్ దగ్గర మన సీడియాను చూశాడట. లోపల సీట్ల మీద మూటలు. ఎవరో వ్యాపారి బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడట. నంబరు సరిగ్గా చెప్పాడు. అమ్మేసి ఉంటే చెప్పు, కోపం లేదు. ఇచ్చాక అది నీది. కొన్నవాళ్ళ చిరునామా మాత్రం పంపు. టైమింగ్ బెల్టు మార్చే సమయం దగ్గర పడింది, వాళ్ళకు తెలియజేయాలి. తెలియక అలాగే తోలితే ఇంజన్ దెబ్బతింటుంది.

మునిశంకర్


బైరకూరు
6 అక్టోబర్ 2024

అన్నా,

నీ కార్డు వచ్చి పదిహేను రోజులు దాటింది. మొదట కోపం వచ్చింది. అన్న ఇచ్చిన బండిని అమ్ముకునేదాన్నా నేను అని రెండు రోజులు గొణిగాను. మూడో రోజు ఆకు కోస్తుంటే ఆ బెల్టు మాట గుర్తొచ్చి, కొడవలి పక్కన పెట్టి గట్టు మీద కూర్చుండిపోయాను. అమ్మేశానని నమ్మి కూడా, కొన్నవాడి ఇంజన్ పాడవకూడదని రాశావు. అలాంటివాడికి నేను మూడు నెలలుగా అబద్ధం చెబుతున్నాను. కాబట్టి మొదటినుంచీ చెబుతాను. కార్డు మీద పట్టదు కనుక నోటుబుక్కులో కాగితాలు చించాను.

జూలై ఐదో తేదీ, శుక్రవారం. ముందు రోజే గూళ్ళు విడదీసి సంచుల్లో నింపి పెట్టాం. గూడు కట్టిన తర్వాత రోజులు లెక్కే. ఆలస్యమైతే లోపలి పురుగుకు రెక్కలొచ్చి గూడు చించుకుని బయటికొస్తుంది. చిరిగిన గూడు నుంచి దారం రాదు. మోహన్‌కుమార్ టెంపో ఆరింటికి రావాలి. ఏడైంది, వర్షం మొదలైంది. ఫోన్ చేస్తే, "అక్కా, యాక్సిల్ ఇరిగిపోయినాది, బండి నంగలిలో ఉండాది" అన్నాడు. ఈ వేలం పోతే మళ్ళీ సోమవారమే. ఆయన గొడుగు పట్టుకుని ఊరంతా తిరిగి ఒట్టి చేతులతో వచ్చాడు.

మా అత్త అరుగు మీద కూర్చుని అంతా చూస్తోంది. "ఏమ్మే," అంది, "ఎర్ర కారును పసుపు కుంకుమ పెట్టి నిలబెట్టుకోను తెచ్చినామా? తియ్యి దాన్ని."

"అన్న ఒప్పుకోడు అత్తా. రెండో గేరు దాటొద్దన్నాడు."

"గూట్లో ఉండే పురుగు మీ అన్న ఒప్పుకోవాలని కాసుకోని ఉండాదా? రెక్కలొచ్చినంక ఎవురు కొంటారు?"

నేను ఆయన వైపు చూశాను. ఆయనకు స్టీరింగ్ పట్టుకుంటే అరచేతులు చెమటలు పడతాయి. ట్రాక్టర్ కూడా నేనే తోలతానని నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పరువు అనుకున్నాను. ఆయనకు లేదు ఆ పరువు. సంచి తీసి డిక్కీలో పెట్టి, "నువ్వు కూసో, నేను నింపతాను" అన్నాడు.

సంచులు నలగకుండా డిక్కీలో, వెనక సీటులో సర్దాం. మా అత్త ముందు సీటులో తనే ఎక్కి, ఒక సంచిని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుంది. ఆయనకు చోటు లేదు. ఏసీ పెట్టాను. గూళ్ళకు చల్లగా ఉండాలి కదా. ముళబాగిలు దాకా మూడో గేరు. నువ్వు పక్కన కూర్చుని వేలు ఎత్తి చూపిస్తున్నట్టే ఉంది.

హైవే ఎక్కాక వర్షం ఆగింది. ముందు ఒక ఇనుప కమ్మీల లారీ. వెనక ఒక బస్సు హారన్ మీద హారన్. నాలుగుకు దించి కాలు అదిమాను అన్నా. నీతో అబద్ధం ఎందుకు, ముల్లు ఐదువేలు దాటింది. వ్యానులో అయితే ఇలాంటప్పుడు మనమే బండిని తోస్తున్నట్టు ముందుకు వంగి కూర్చునేదాన్ని. ఇది ఏమీ అడగలేదు. అలా తీసుకెళ్ళింది. లారీ ఎప్పుడు వెనక్కి పోయిందో తెలియదు. గట్టిగా నవ్వేశాను. నా నవ్వు నాకే కొత్తగా వినబడింది.

"ఏమైనాది?" అంది మా అత్త.

"లారీని దాటినాము అత్తా."

"ఇంగా పోతాదా ఇది?"

"పోతాది."

"అయితే పోనీ."

నూటపది దాకా వెళ్ళాను. వేలం గంటకు ఇరవై నిమిషాల ముందు చేరాం. గూళ్ళు ఒక్కటి నలగలేదు.

ఆ తర్వాత ఆగస్టు పంటకూ, సెప్టెంబరు పంటకూ నేనే తోలాను. ఇప్పుడు పిల్లమ్మ గూళ్ళూ నా కారులోనే వస్తాయి. ఆ తెల్ల నూగు బూజు కాదు, గూళ్ళ మీది పట్టుపీచు. నువ్వు చెప్పిన ఎండకే ఆరి రాలిపోయింది కనుక నీ వైద్యం పని చేసింది. లారీ ప్రశ్న అడిగింది నేనే. ఊరి స్పీడ్ బ్రేకర్ మీద ఒకసారి వాలుగా ఎక్కించడం మరిచి కింద గీరుకుంది. ముళబాగిలులో చూపించాను, రేకు మాత్రమే వంగిందన్నారు. నందీశ్ చూసిన వ్యాపారి దారం తీసే ఆయన. "అమ్మతారా?" అని అడిగాడు. "మా అన్నది" అన్నాను.

ఇంక ఆయన విషయం. నీ చీటీ ఆయన నాకు చూపించిన రోజు నిజం రాసేస్తానని పెన్ను తీస్తే ఆయనే ఆపాడు. "ఉండనీలే. మీ అన్న నా మీద కోప్పడితే పోయేదేముండాది? నీ మీద కోప్పడితే కారు పోతాది" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. చెయ్యని తప్పుకు మాట పడిన మనిషి పక్కన కూర్చుని రెండు పంటలు తీశాను. సిగ్గుగా ఉంది.

కారు వెనక్కి కావాలంటే ఈ ఆదివారమే తెచ్చి ఇస్తాను. రెండో గేరులో.

నేత్ర


రాబర్ట్‌సన్‌పేట
15 అక్టోబర్ 2024

నేత్రమ్మా,

ముందు గిరీశ్‌కి. చేతులు జోడించి రాస్తున్నాను, నన్ను క్షమించాలి. ఈ వాక్యం అతనికి నువ్వే చదివి వినిపించు. ఆ చీటీని చించేయమని చెప్పు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి మీ అత్త మాటల దగ్గర నవ్వాను. రెండోసారి ముల్లు ఐదువేలు దాటిన చోట నా కుడికాలు మంచం కోడును అదిమింది. మూడోసారి చదివాక, నువ్వు ఇంత చెప్పాక నేను దాచడం ధర్మం కాదనిపించింది.

డాక్టర్ చెప్పాడు కనుక బండి మానేశానని అందరికీ చెప్పాను. అది రెండో సంగతి. మొదటిది ఏప్రిల్‌లో జరిగింది. మీ వదినా నేనూ బేతమంగళ వైపు వెళ్ళి వస్తున్నాం. చెరువు కట్ట పక్కన రోడ్డు. ఎండ, ఎదురుగా ఎవరూ లేరు, నాలుగో గేరు. ఉన్నట్టుండి రోడ్డు పైకి లేచి గిర్రున తిరిగింది. ఆకాశం యాడుందో చెరువు యాడుందో తెలియలేదు. బ్రేక్ మీద లేచి నిలబడ్డాను. బండి ఆగేసరికి ఎడమ చక్రాలు రెండూ మట్టిలో ఉన్నాయి. అక్కడినుంచి నీళ్ళకు రెండు బారలు. స్టీరింగ్ వదిలితే పడిపోతానేమో అన్నట్టు పట్టుకుని కూర్చున్నాను. మీ వదిన కిటికీలోంచి చూస్తూ, "నీళ్ళు బాగుండాయి కదా, కాసేపు కూసుందాం" అంది. చెరువు చూపించడానికే ఆపానని తను అనుకుంటోందని భావించి నేను అవునన్నాను. అరగంట తర్వాత రెండో గేరులో ఇంటికి వచ్చాను. ఆ రోజునుంచి తాళం ముట్టలేదు. ఎవరికీ చెప్పలేదు.

పావుగంట, రెండో గేరు, మూడువేలు అని నీకు అన్ని షరతులు పెట్టింది బండి కోసం కాదు. షెడ్డులో నిలబడి ఉన్నంత కాలం అది నా బండి. నువ్వు తోలితే నీదైపోతుంది. అంతే. యాభై తొమ్మిదేళ్ళవాడి బుద్ధి ఇది.

ఈ కాగితం మీ వదినకు చూపించి పోస్టు చేద్దామని ఇచ్చాను. చదివి కళ్ళజోడు తీసి, "నాకు అప్పుడే తెలుసు. నువ్వు స్టీరింగ్ వదలకుండా పట్టుకోని ఉంటే చూసినాను. నీళ్ళు చూసేదానికి ఆపినావని నేను యాడనుకున్నాను? నువ్వు సర్దుకునేదానికి చెప్పినాను" అంది. ఆరు నెలలు ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే సంగతి దాచామన్నమాట. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టింది. ఇద్దరం తాగాం.

కారు తేవద్దు. నాలుగుకు దించి లాగడమే సరి. నీకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. టైమింగ్ బెల్టు ఈ నెలలోనే మార్పించాలి, నందీశ్ బైరకూరు వచ్చి చేస్తాడు. కింద గీరుకున్న రేకు కూడా చూస్తాడు. ఇకమీదట ప్రతి పంటకూ ఎలా వెళ్ళావో, ఎవరిని దాటావో అంతా రాయి.

అన్న


బైరకూరు
30 అక్టోబర్ 2024

అన్నా, వదినా,

ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. ఇక దాపరికాలు వద్దు.

నందీశ్ వచ్చి బెల్టు మార్చాడు. పాతది చూపించి, "అక్కా, ఇంగొక రెండు పంటలు తోలుంటే తెగేది" అన్నాడు. రేకు సుత్తితో కొట్టి సరిచేశాడు. భోజనానికి రాగిముద్ద, అనపకాయల చారు పెట్టాం. మూడు ముద్దలు తిన్నాడు.

క్షమాపణ వాక్యం ఆయనకు చదివాను. "మీ అన్న చేతులు జోడించేది బాగుండలేదు, ఆ మాట కొట్టేయ్" అన్నాడు. చీటీ మాత్రం చించనంటున్నాడు. దాన్ని తీసి ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపిస్తున్నాడు. "వేగానికి పుట్టినోళ్ళు మా ఇంట్లో ఇద్దరుండారు, నా పెండ్లాము, మా అమ్మ" అంటున్నాడు.

ఈ నెల పంట పదిహేడున అమ్మాం. నాలుగు లారీలను, రెండు బస్సులను దాటాను. పోలీసు జీపును దాటలేదు.

వచ్చే పంట నవంబర్ ఇరవై ప్రాంతంలో. అన్నా, నువ్వు రా. నాతో కోలార్ దాకా కూర్చో. నీ బండి మరొకరి చేతిలో ఉంటే చూడలేవని తెలుసు. అయినా పిలుస్తున్నాను. తల తిరిగితే చెయ్యి ఎత్తు, ఆపుతాను. మా అత్త తన ముందు సీటు ఒక్కరోజుకు ఇస్తానని ఒప్పుకుంది. ఆమె ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు.

నేత్ర


రాబర్ట్‌సన్‌పేట
24 నవంబర్ 2024

నేత్రమ్మా,

క్షేమంగా చేరాం. మీ అత్త కట్టిచ్చిన వేరుశనగలు మీ వదిన అప్పుడే ఉప్పువేసి ఉడకబెట్టింది.

నీ డ్రైవింగ్ గురించి నా అభిప్రాయం రాస్తానన్నాను. క్లచ్ మీద పాదం ఆనించడం మానేశావు, సంతోషం. ముళబాగిలు సర్కిల్ దగ్గర బ్రేక్ కొంచెం ముందుగా పట్టొచ్చు. గేరు మార్చేటప్పుడు నీ చెయ్యి నా చెయ్యి కంటే మెత్తగా కదులుతుంది. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. ఇంజన్ చప్పుడు నాకు సరిగా వినబడలేదు కానీ, సీటు వెన్నులోంచి, పాదాల కింద నేలలోంచి తెలిసింది. బాగుంది బండి. బాగా తోలినందుకు ఉన్న బాగు అది. నిలబెట్టి ఉంటే ఇలా ఉండేది కాదు.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. నరసింహతీర్థం దాటాక కాసేపు కళ్ళు మూసుకున్నాను. తల తిరుగుతుందేమో అని ముందు జాగ్రత్త, అంతే. తెరిచేసరికి బంగారుపేట బోర్డు కనబడింది. కోలార్ మార్కెట్‌కు అటు ఎందుకు వెళ్ళావు? హైవే మీద రోడ్డు పని జరుగుతోందా? నువ్వు ఏదో చెప్పావు, నాకు వినబడలేదు. దారి తెలియకపోతే అడగడానికి సిగ్గుపడకు. అందరం నేర్చుకున్నవాళ్ళమే.

ఆర్.సి. పేరు మార్చే కాగితాల మీద సంతకం పెట్టి దీనితో పంపుతున్నాను. నువ్వూ పెట్టి ఇవ్వు.

అన్న


బైరకూరు
2 డిసెంబర్ 2024

అన్నా,

సంతకం పెట్టాను. పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది, పెట్టేశాక ఏమీ అనిపించలేదు. కాగితం మీద ఎవరి పేరున్నా పంట పంటకూ రావాల్సినవాడివి నువ్వు.

రోడ్డు పని లేదు. దారి కూడా నాకు తెలుసు. జరిగింది చెబుతాను, కాదనకుండా విను.

ఊరు దాటేటప్పుడు నీ చేతులు రెండూ మోకాళ్ళ మీద బిగించి పెట్టుకున్నావు. నేను గేరు మార్చిన ప్రతిసారీ నీ ఎడమకాలు కదిలింది. నేను దాటిన ప్రతి బండినీ నువ్వూ దాటావు. ముళబాగిలు దాకా నీ మెడ ఒక్కసారి కూడా సీటుకు ఆనలేదు. మీరు వచ్చేముందే వదిన ఫోన్లో నాకు చెప్పింది, ఏప్రిల్ నుంచి నీకు సరిగా నిద్ర లేదని, మంచం మీద పడుకున్నా తల తిరుగుతుందేమో అని గోడ పట్టుకుంటావని, బస్సులో కూడా ముందు కమ్మీ వదలవని.

నరసింహతీర్థం దాటాక నువ్వు కళ్ళు మూసుకున్న మాట నిజం. ముందు జాగ్రత్త అంటున్నావు. నోరు తెరుచుకుని, గుర్రుపెట్టి, తల నా భుజం వైపు వాల్చి తీసుకున్న జాగ్రత్త అది. వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయి చెయ్యి మోకాలి మీద వెల్లకిలా పడింది. నేను ఐదో గేరులో వేసి, ముల్లు కదలకుండా పట్టుకున్నాను. వెనక మూటల మధ్య ఇరుక్కున్న మా అత్త ముందుకు వంగి నీ ముఖం చూసింది. చెవి వినబడని మనిషివి, అయినా గుసగుసగా, "లేపొద్దు. ఎన్నాళ్ళ నిద్రో" అంది.

మార్కెట్ గేటు వచ్చింది. ఆపితే మెలకువ వస్తుందని ఆపలేదు. బంగారుపేట రోడ్డు పట్టాను. అక్కడినుంచి టేకల్ వైపు కొంత దూరం వెళ్ళాను. నువ్వు లేవలేదు. తిరిగి వచ్చాను, లేవలేదు. వేలం మొదలై పోయి ఉంటుందని నాకు తెలుసు, మా అత్తకూ తెలుసు. ఆమె గూళ్ళ మూట మీద చెయ్యి వేసుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. గంటకు పైగా తోలాను అన్నా. ఒక్క లారీని కూడా దాటలేదు.

నేత్ర